కమిషనర్ గారి స్తంభించిన ఇల్లు

కమిషనర్ లిసాండ్రో ఉబేదా ఆస్తులను అమెరికా ప్రభుత్వం స్తంభింపజేసిందన్న వార్త మయామీ చేరేసరికి యెల్బా తన హోటల్ వంటింట్లో పంది తోలు వేయిస్తోంది. ఆమె ఆడపడుచు చెపీతా ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"వదినా, వాడి పనైపోయింది! వాడి ఇల్లు, వాడి డబ్బు, అన్నీ పోయాయి!" అని అరిచింది.

యెల్బా పొయ్యి కట్టేసింది. హోటల్ పెట్టిన దగ్గర్నుంచీ మధ్యాహ్నం పూట ఆ పొయ్యి ఆరడం అదే మొదలు.

ఆ రోజు మా స్వీట్‌వాటర్ పేటలో నికరాగువా వాళ్లెవరూ ఆమె దగ్గర డబ్బిచ్చి తినలేదు. అరటాకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పొట్లాలు, ఉడికిన కర్రపెండలం మీద వేయించిన తోలు, పైన క్యాబేజీ తురుము, అడిగినవాళ్లకు అడిగినంత పెట్టింది. తిన్నవాళ్లు తిన్నంతసేపూ ఉబేదాను తిట్టారు. ఉచితంగా పెడితే మావాళ్లు ఎవర్నైనా తిడతారనుకోండి. ఆ తిట్లు మాత్రం మనస్ఫూర్తిగా తిట్టినవే.

ఉబేదా మా దేశంలో ఒక జైలుకు పెద్ద. యెల్బా ఒక్కగానొక్క కొడుకు నోర్విన్ ఆ జైల్లో ఉన్నాడు. మోటారుసైకిళ్లు బాగుచేసుకుని బతికే కుర్రాడు. ఎర్రటి ఎండలో ఊరేగింపు పోతుంటే జాలిపడి నడిచేవాళ్లకు నీళ్ల ప్యాకెట్లు పంచాడు. పెట్టిన కేసు ఉగ్రవాదం. ఖాళీ ప్యాకెట్లను కోర్టులో బల్ల మీద పరిస్తే జడ్జిగారు వాటిని చూసి గంభీరంగా తల పంకించారట. తర్వాత యెల్బాను ఒకసారి కొడుకును కలవనిచ్చారు. వాడి కుడిచేతికి గోళ్లు లేవు.

"ఎవరు చేశార్రా?" అని ఆమె గదంతా వినబడేలా అడిగింది.

తలుపు దగ్గర నిలబడి కాఫీ తాగుతున్న ఉబేదా, "నేనే చేయించాను. ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో పో" అన్నాడు.

మామూలుగా ఈ మాట అనేవాళ్లు అవతలివాళ్లకు చెప్పుకునే దిక్కు లేదన్న ధీమాతోనే అంటారు. యెల్బా మాత్రం అన్న మాటను అన్నట్టే తీసుకుంది. దేశాలు దాటి మయామీ వచ్చి, ఫావియోలా అనే లాయరమ్మాయి ముందు కూర్చుని చెప్పుకుంది. ఫావియోలా అదంతా రాసి, ప్రమాణం చేయించి, వాషింగ్టన్‌కు పంపింది. ఉబేదా మీద చాలామంది చాలా చెప్పారు గానీ, "నేనే చేయించాను" అన్న మాట అతని నోటి నుంచే విన్న సాక్షి యెల్బా ఒక్కతే. ప్రభుత్వం నమ్మింది ఆ మాటనే.

విందు అయిన మర్నాడు ఆమె ఫావియోలా ఆఫీసుకెళ్లింది. మంచి చీటీగుడ్డ గౌను వేసుకుని మరీ వెళ్లింది.

"ఇల్లెప్పుడిస్తారమ్మా?" అని అడిగింది.

"ఎవరికి?"

"నాకే అక్కర్లేదు. వాడి చేతిలో దెబ్బలు తిన్నవాళ్లు ఎవరికైనా సరే. లాక్కున్నారుగా."

"లాక్కోలేదు దోన్యా యెల్బా. స్తంభింపజేశారు. ఇల్లు ఇప్పటికీ ఆయనదే" అంది ఫావియోలా. పెద్ద ఆడవాళ్లను మావాళ్లు గౌరవంగా దోన్యా అంటారు.

"వాడిదేనా?"

"ఆయనదే. కానీ అమ్ముకోలేడు, అద్దెకివ్వలేడు, తాకట్టు పెట్టలేడు. అమెరికాలో ఎవరూ ఆయనకి ఏదీ ఇవ్వకూడదు, ఆయన దగ్గర ఏదీ పుచ్చుకోకూడదు. పనులు కూడా చేసిపెట్టకూడదు."

"అమ్ముదామనుకున్నాడా వాడు?"

"అలాగని ఏం లేదు."

"అంటే, అమ్మే ఉద్దేశం లేనివాణ్ని పట్టుకుని అమ్మొద్దన్నారు."

ఫావియోలా కళ్లజోడు తీసి తుడుచుకుంది. మయామీలోనే పుట్టి పెరిగిన పిల్ల, అబద్ధమాడటం చేతకాదు. "మీరలా చెప్తే వినడానికి బాగాలేదు గానీ, దాదాపు అంతే" అంది.

"మరి నా కొడుకు?"

ఫావియోలా కళ్లజోడు పెట్టుకుంది. మళ్లీ తీసింది.

యెల్బా ఒళ్లు మండిపోయింది. ఊరందరికీ పెట్టిన విందు గుర్తొచ్చి మరీ మండింది. అంతకన్నా పెద్ద దెబ్బ రెండు వారాల తర్వాత తగిలింది. మా రాజధాని మనాగువాలో ఆమె స్నేహితురాలు ఒకావిడ వారం వారం జైలు గేటు దగ్గర నోర్విన్ కోసం అన్నం డబ్బా ఇచ్చివచ్చేది. ఆ వారం డబ్బాను వెనక్కి ఇచ్చేశారు. ఎందుకని అడిగితే కాపలావాడు మొహం పక్కకు తిప్పుకున్నాడట. మా దేశంలో జైలు నుంచి డబ్బా వెనక్కి వచ్చిందంటే రెండే అర్థాలు. మనిషిని చీకటి కొట్లో పడేశారని ఒకటి. రెండోది ఎవరూ పైకి అనరు.

"నా సాక్ష్యమే వాణ్ని చంపేసిందేమో చెపీతా" అంది యెల్బా, ఉల్లిపాయలు తరుగుతూ.

"అవేం మాటలు వదినా, నోరు కడుక్కో" అంది చెపీతా. యెల్బాకిక తెలియాల్సింది ఒక్కటే. కొడుకు ఉన్నాడా, లేడా.

ఉబేదా ఇల్లు మయామీ పక్కనే దొరాల్‌లో ఉంది. రెండంతస్తులు, ఈతకొలను, ఎర్ర పెంకుల కప్పు. ఆదివారాల్లో చర్చి నుంచి నేరుగా యెల్బా బస్సెక్కి దాని ముందుకు వెళ్లి నిలబడేది. ఎందుకని అడిగితే ఆమే చెప్పలేకపోయేది. వెళ్లినప్పుడల్లా గడ్డి ఇంకాస్త పెరిగి ఉండేది. తోటమాలి మానేశాడు, కొలను కడిగేవాడు మానేశాడు, ఏసీ పాడైతే బాగుచేయడానికి ఒక్క కంపెనీ కూడా రాలేదు. స్తంభించిన ఇంటికి పని చేసిపెడితే జరిమానా అని అందరికీ తెలిసిపోయింది. కొలను పచ్చబడింది, అందులో ఇగ్వానాలనే పెద్ద తొండలు కాపురం పెట్టాయి. ఉడుమంత ఉన్నాయి ఒక్కొక్కటీ. మా ఊళ్లో అయితే ఈపాటికి పులుసైపోయేవి.

ఆ కాలనీ సంఘానికి అధ్యక్షుడు ఎలాదియో అనే క్యూబా పెద్దమనిషి. గడ్డి మడమ దాటితే జరిమానా వేసే అలవాటు ఆయనది. ఇప్పుడది నడుముదాకా వచ్చింది.

"జరిమానా వేద్దామంటే కట్టడానికి వాడి ఖాతా స్తంభించింది. నేనే కోయిద్దామంటే నన్ను పట్టుకుంటారు. నా జుట్టు చూడండి దోన్యా, ఈ గడ్డి చూసి చూసి ఊడిపోయింది" అని ఒకసారి ఆయన యెల్బా దగ్గర మొత్తుకున్నాడు.

"ఇంట్లో ఎవరూ లేరా?"

"వాళ్లమ్మ ఉంది కదా, దోన్యా ఎర్మెలిందా. ముసలావిడ ఒక్కతే. ఆవిడ మీద ఏ నిషేధమూ లేదు గానీ, ఉన్న కార్డు కొడుకుది, అది పనిచెయ్యదు. నేనే అప్పుడప్పుడు గోడ మీద రొట్టె మర్చిపోతుంటాను."

"మర్చిపోతారా?"

"ఆ ఇంటికి ఏదీ ఇవ్వకూడదు కదండీ. మర్చిపోవచ్చు" అన్నాడు ఎలాదియో, గోడవైపు చూడకుండా. "ఆదివారం ఆదివారం కొడుకు ఫోన్ చేస్తాడు. ఆవిడకి చెవుడు. స్పీకర్ పెట్టి అరుస్తుంది. కాలనీ మొత్తం వింటుంది, కర్మ."

యెల్బాకు అప్పుడు తట్టింది. తన కొడుకు బతికున్నాడో లేడో తెలిసిన మనిషి వారం వారం ఈ గోడ అవతల మాట్లాడుతున్నాడన్నమాట. వెంటనే వెళ్లి తలుపు కొట్టింది. లోపల్నుంచి, "లాయరు తలుపు తియ్యొద్దన్నాడు!" అని కేక వచ్చింది. మరుసటి వారం కొట్టింది, అదే కేక. ఆ పై వారం లాయరు పేరు కూడా చెప్పింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

డిసెంబరులో గ్రితేరియా పండగ వచ్చింది. ఆ సాయంత్రం మావాళ్లు ఇంటింటికీ తిరుగుతారు. గుమ్మం ముందు నిలబడి, "ఇంత ఆనందానికి కారణమెవరు?" అని గొంతు చించుకుని అరుస్తారు. లోపలివాళ్లు, "నిష్కళంక మరియమాతే!" అని బదులరిచి, తలుపు తీసి, పాట పాడించుకుని, చేతిలో పండో చెరుకు ముక్కో మిఠాయో పెట్టి పంపాలి. అడిగినవాడు శత్రువైనా సరే, తలుపు తియ్యకుండా ఉండటం, ఉత్తచేతులతో పంపడం మా పుట్టుకలోనే లేవు. అంతకుముందు ఏడు ఉబేదా ఇంటి ముందు వరస వీధి చివరిదాకా ఉండేదట. ఈ ఏడు పెద్ద చిక్కొచ్చి పడింది.

"ఆ ఇంట్లో పండు పుచ్చుకుంటే మన శరణార్థి కేసులు గోవిందా" అని ఎవరో హోటల్లో అన్నారు. అంతే, అందరికీ చెమటలు పట్టాయి. అక్కడున్న వాళ్లలో కేసు తేలినవాడు ఒక్కడూ లేడు. చెపీతా అక్కడికక్కడే ఫావియోలాకు ఫోన్ చేసింది.

"పండు ఎవరు కొన్నారు?" అని అడిగింది ఫావియోలా.

"కొనలేదమ్మా, పెరట్లో కమలాచెట్టుది."

"చెట్టు ఎవరిది?"

"ఇంటిదే."

"అయితే పండు కూడా స్తంభించినట్టేనేమో."

ఆ పిల్ల సరదాకి అన్నదో నిజంగానే అన్నదో నాకిప్పటికీ తెలియదు. మావాళ్లు మాత్రం నిజమేననుకున్నారు. ఆ సాయంత్రం దొరాల్‌లో ప్రతి నికరాగువా ఇంటి ముందూ గుంపులు. ఉబేదా వీధిలోకి వచ్చేసరికి మాత్రం గుంపు గుంపంతా రోడ్డుకు అవతలి పక్కకు మారి, తల దించుకుని, మరియమాతను మనసులో క్షమాపణ అడుగుతూ గబగబా దాటిపోయింది.

యెల్బా ఒక్కతే ఆ నడుమెత్తు గడ్డిలోంచి నడిచి గుమ్మం ముందు నిలబడింది.

"ఇంత ఆనందానికి కారణమెవరు?" అని అరిచింది. చెవిటి మనిషికి వినబడాలని ఇంకా గట్టిగా మళ్లీ అరిచింది.

"నిష్కళంక మరియమాతే!" అని లోపల్నుంచి వెంటనే జవాబొచ్చింది. గొలుసు తీసిన చప్పుడైంది. లాయరు ఎన్ని చెప్పినా ఆ ప్రశ్న విన్నాక మా ముసలమ్మల చేతులు ఆగవు.

దోన్యా ఎర్మెలిందా పిట్టంత మనిషి. ఇంట్లో ఉక్కకు చెమటతో తడిసిపోయి ఉంది. కానీ హాల్లో మరియమాత పీఠం మాత్రం పువ్వులతో నిండుగా ఉంది, ముందు బుట్టెడు కమలాపళ్లు. ఒక్కటీ తగ్గలేదు. యెల్బా పాట పాడింది. ముసలావిడ గొంతు కలిపి, కళ్లు తుడుచుకుని, ఒక పండు తీసి చేతిలో పెట్టబోయింది.

"పుచ్చుకోకూడదు దోన్యా. చట్టం ఒప్పుకోదు."

"పండగ నాడు వచ్చినదాన్ని ఉత్తచేతుల్తో పంపమనే చట్టం ఏ దేశంలో ఉందమ్మా?"

"ఈ దేశంలోనే."

"పాడు దేశం. మరి నేనేం ఇవ్వను నీకు? ఇవ్వకుండా ఎలా పంపను?"

"ఒక మాట ఇవ్వండి. మాటకు అడ్డు లేదు. మీ అబ్బాయి జైల్లో నా కొడుకున్నాడు, నోర్విన్ మోంతియెల్. ఉన్నాడో లేడో అడిగి చెప్పండి."

ముసలావిడ మొహం ముడుచుకుంది. "మావాడిది ఆఫీసు పనమ్మా. ఖైదీలతో వాడికేం సంబంధం?"

"ఆఫీసులో తెలుస్తుందిగా. అడగండి."

ముసలావిడ చేతిలో పండు వంక చూసింది, మరియమాత వంక చూసింది. పండు బుట్టలో పెట్టేసి కూర్చోమంది. పండగ పూట దీవెన కోసం కొడుకు ఎలాగూ ఫోన్ చేస్తాడు. చేశాడు కూడా.

"అమ్మా, దీవించు" అంది స్పీకర్లోంచి గొంతు. యెల్బా వెంటనే గుర్తుపట్టింది. ఆ గొంతే.

"దేవుడు చల్లగా చూడాలి నాయనా."

"కప్పు ఇంకా కారుతోందా?"

"కారుతోంది."

"కొలనో?"

"దాన్నిండా ఇగ్వానాలు. నిన్న ఒకటి సోఫా మీద పడుకుంది. తోలాను, పోలేదు."

అటు నుంచి నిట్టూర్పు వినబడింది. లోపల్నుంచి తన్నుకొచ్చిన నిట్టూర్పు. నోర్విన్ గోళ్ల దగ్గర కాఫీ కప్పు కూడా దించని మనిషి కొలను మాట వినేసరికి ఇలా అయిపోయాడేమిటా అని యెల్బా నోరు వెళ్లబెట్టింది. ఈ స్తంభన ఏదో గాలికి పోయే కబురనుకుంది. తగలాల్సిన చోటే తగిలిందన్నమాట.

ముసలావిడ మాట నిలబెట్టుకుంది. "ఒరే లిసాండ్రో, పండక్కి ఒకమ్మాయి వచ్చింది. పండిస్తే చట్టమంటోంది. నోర్విన్ మోంతియెల్ అనే కుర్రాడు మీ దగ్గర ఉన్నాడా లేడా చెప్పు, పంపించేస్తాను" అని అరిచింది.

ఫోన్లో ఉబేదా గొంతు మారింది.

"ఎవరామె?"

"నేనే కమిషనర్ గారూ. ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకోమన్నారు కదా" అంది యెల్బా.

"చాలా దూరం వెళ్లి చెప్పావే."

"దగ్గర్లో వినేవాళ్లు లేరండి."

అతను నవ్వలేదు. తన లాయర్లు ఒక కాగితం పంపుతారన్నాడు. "నేనే చేయించాను" అని తను అనలేదని, ఏడుపులో ఆమే పొరబడిందని రాసి సంతకం పెట్టమన్నాడు. నిషేధం ఎత్తెయ్యమని వాషింగ్టన్‌లో పెట్టుకున్న అర్జీకి అదొక్కటే తక్కువట. "సంతకం పెట్టిన మర్నాడు నీ కొడుకు ఇంట్లో ఉంటాడు" అన్నాడు.

"ముందు వాడు ఉన్నాడా?"

"ఉన్నాడు."

"మీరు చెప్తే సరిపోదండి. వాడి గొంతు వినాలి."

"ఆదివారం" అని ఫోన్ పెట్టేశాడు.

ముసలావిడ సంబరపడిపోయింది. "చూశావా, ఉన్నాడన్నాడు. మావాడు ఎవరికీ చెడు చెయ్యడు" అంది. యెల్బా ఆ మాటకు ఏమీ అనలేదు. ఏమైనా అంటే ముసలావిడ మళ్లీ తలుపు తియ్యదు.

కాగితం నిజంగానే వచ్చింది. యెల్బా దాన్ని ఫావియోలా ముందు పెట్టింది. చెపీతా కూడా వెంట వెళ్లింది.

"ఇందులో ఆలోచించడానికేముంది వదినా! సంతకం పడేసి పిల్లాణ్ని తెచ్చుకో. ఆ కొంప ఎవడికి కావాలి? వాడే ఊరేగనీ దాంట్లో" అంది చెపీతా ఏడుస్తూ. నోర్విన్‌ను ఎత్తుకుని పెంచింది చెపీతాయే. ఆమె ఏడుపును తప్పుపట్టలేం.

"ఇదంతా నేను వినకూడదు" అంది ఫావియోలా. అన్నదే గానీ కుర్చీలోంచి లేవలేదు. "అబద్ధం మీద సంతకం పెట్టమని నేను చెప్పలేను. కానీ అతను మీ కొడుకు. పెట్టొద్దని కూడా చెప్పలేను."

"నాకొక్కటి చెప్పు తల్లీ. నేను సంతకం పెట్టేసి, వాడి ఇల్లు వాడికొచ్చేశాక, వాడికి నాతో ఇంకేమైనా పనుంటుందా?"

"ఉండదు."

"నా కొడుకుతో?"

ఫావియోలా కాగితం తిరగేసింది. "ఉండదు" అంది.

"పెట్టకపోతే?"

"మీరు పెట్టేదాకా అడుగుతూనే ఉంటాడు."

"పెట్టనని తెగేసి చెప్తే?"

ఫావియోలా కాగితాన్ని ఆమె వైపు జరిపింది. చెపీతా ఏడుపు ఆపి వదిన మొహంలోకి చూసింది. యెల్బా కాగితాన్ని మడిచి గౌను జేబులో పెట్టుకుని, హోటల్ తెరిచే వేళైందని లేచింది.

ఆదివారం యెల్బా పండగ ప్రశ్న అడగక ముందే దోన్యా ఎర్మెలిందా తలుపు తీసింది. ఫోన్ వచ్చింది. కాసేపు గరగరమంది. ఆపైన ఎవరో ఊపిరి పీల్చారు.

"అమ్మా."

నూతిలోంచి వచ్చినట్టుంది గొంతు. అయినా వాడిదే. యెల్బా పెదవి కొరుక్కుంది. "నాన్నా, తిన్నావా?" అని మాత్రం అడగగలిగింది. వాడు బదులు చెప్పేలోపే దగ్గు తెర అడ్డుపడింది. దగ్గీ దగ్గీ ఆగాడు. ఆ తర్వాత మాట లేదు. ఫోన్ లాక్కున్నారు.

"విన్నావుగా. సంతకం?" అన్నాడు ఉబేదా.

యెల్బా జీవితమంతా సంతలో గడిపిన మనిషి. అవతలివాడికి సరుకు కావాలని తెలిశాక సరేననకూడదు, కాదనీ అనకూడదు. ఆమె కళ్లనీళ్లు కారుతూనే ఉన్నాయి, గొంతు మాత్రం బల్ల మీద కూరగాయలు పరుచుకున్నదానిలా ఉంది.

"ఆలోచిస్తున్నాను కమిషనర్ గారూ. కానీ ఆ దగ్గు వింటుంటే బుర్ర పనిచెయ్యట్లేదు. వాడికి మందిప్పించండి. దగ్గు తగ్గితే నిమ్మళంగా ఆలోచిస్తాను."

మరుసటి ఆదివారానికి దగ్గు తగ్గింది. పడుకునే చోటు చెమ్మగా ఉందని తెలిసి, చెమ్మ తలుచుకుంటే సంతకం పెట్టే చెయ్యి వణుకుతోందంది. వాణ్ని పొడి గదిలోకి మార్చారు. తర్వాత అన్నం డబ్బా లోపలికి వెళ్లింది. తర్వాత దుప్పటి. ఒక వారం కమిషనర్‌కు ఓపిక నశించి పచ్చిబూతులు తిట్టాడు, ఇక వాడి శవమే వస్తుందన్నాడు. అయినా యెల్బా అతను అరవడం మానేదాకా ఆగి, "నేను పెట్టనన్నానా కమిషనర్ గారూ? కలం చేతిలోనే ఉంది" అంది. నిజంగానే చేతిలో కలం ఉంది. అరుపులు వినలేదో, విననట్టు నటించిందో, ముసలావిడ మాత్రం కప్పు కారుతున్న చోట గిన్నె మార్చింది.

ఈ బేరం గురించి నోర్విన్‌కు చెప్పే దారి లేదు. ప్రతి మాటా అవతల ఉబేదా వింటున్నాడు. ఆమెకు గుర్తుకొచ్చినప్పుడల్లా ఊపిరి ఆడనిది అదొక్కటే. ఆమె భయపడుతున్న రోజు రానే వచ్చింది.

"అమ్మా, వీళ్లు నాకు కాగితం చూపించారు" అన్నాడు నోర్విన్. ఆ వేళ వాడి మాట గట్టిగా ఉంది. "నువ్వు సంతకం పెడితే నన్ను వదిలేస్తారట. నెలల నుంచీ నీ దగ్గరే ఉందట. నిజమేనా?"

"దగ్గు పూర్తిగా తగ్గిందా నాన్నా?"

"నేనడిగేదానికి చెప్పు! నిజమేనా?"

"నిజమే."

"మరెందుకు పెట్టవు?"

కమిషనర్ శ్వాస వినబడుతోంది. దోన్యా ఎర్మెలిందా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగింది. యెల్బాకు చెప్పాల్సినవి వంద మాటలున్నాయి. ఒక్కటి బయటికొచ్చినా బేరం మొత్తం తెలిసిపోతుంది.

"ఆలోచిస్తున్నాను" అంది.

"ఆలోచిస్తున్నావా? ఇక్కడ నేను కుళ్లిపోతుంటే నువ్వు ఆలోచిస్తున్నావా? ఎవడి ఇంటి మీదో పగతో నన్ను పణం పెడతావా? నువ్వు తల్లివేనా? రాయివి నువ్వు! ఇంకెప్పుడూ నాతో మాట్లాడకు, విన్నావా? నీ గొంతు కూడా నాకు వినిపించొద్దు!"

ఫోన్‌ను ఎవరి మీదికో విసిరేసిన చప్పుడైంది. తలుపు ధడేలుమంది.

"విన్నావుగా" అన్నాడు ఉబేదా, సంతోషంగా.

"విన్నానండి. ఎండ మొహం చూడక అలా అయిపోయాడు. రోజూ కాసేపు వాణ్ని ఆరుబయట తిరగనివ్వండి. వచ్చే ఆదివారం చెప్తాను."

ఆమె ఫోన్ బల్ల మీద పెట్టింది. గౌను చేతితో మొహం దాచుకుని ఏడ్చింది. ఇల్లంతా వినబడేలా ఏడ్చింది. ముసలావిడ వచ్చి పక్కన కూర్చుని వీపు నిమిరింది.

"ఏమైందమ్మా? ఏమన్నాడు?"

"తిట్టాడు దోన్యా."

"కొడుకులింతే. పట్టించుకోకు."

"మొదటి వారం అమ్మా అనేసరికే వాడి ఓపిక అయిపోయింది" అంది యెల్బా వెక్కుతూ. "ఇవాళ ఎంత గట్టిగా అరిచాడో విన్నారా?"